వసకొమ్ము, ముల్లుగర్ర

నాకు చిన్నప్పుడు వస ఎక్కువ పోసిన్రని మా అవ్వ నెత్తి కొట్టుకునేది. పిల్లలకు మాటలు తొందరగా రావాలని వసకొమ్మును సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి, ఆ గంధాన్ని వేలికొనతో నాలుకకు రాసేవాళ్లు. ఒక్క గీత చాలట. నా దగ్గరికి వచ్చేసరికి మేనత్త చెయ్యి జారిందని అవ్వ లెక్క. అందుకే బడిలో, బావికాడ, బస్సులో ఎక్కడా నా నోరు మూతపడలేదు. "వసపిట్ట" అని పిలిచేది. ఆ పిట్ట పెద్దయి సర్కారు బడిలో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పింది. వాగినందుకు నెలనెలా జీతమిచ్చే కొలువు అదొక్కటే అని అవ్వ బతికున్నన్నాళ్లూ నవ్వేది.

వస నీటి ఒడ్డున బురదలో పెరిగే మొక్క. దుంపకు ఘాటైన వాసన. అమెరికాలో ఆహార పదార్థాల్లో దాన్ని కలపకూడదని 1968లోనే నిషేధించారు. ఈ సంగతి మా కోడలు ఫోనులో చెప్పింది, నేను మనవరాలి కోసం బేగంబజారులో కొమ్ము కొని పొట్లం కట్టి పెట్టిన తర్వాత. ఆ పొట్లం ఇంకా నా టేబుల్ సొరుగులోనే ఉంది. సొరుగు తీస్తే గదంతా అవ్వ వాసన.

ఈ మధ్య మళ్లీ ఆ వసకు పని పడింది. మా ఎదురింటి అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివింది. మా తుర్కపల్లిలో ఆ చదువుకు విలువ ఎక్కువ. 1999లో జినోమ్ వ్యాలీ అని పేరు పెట్టుకున్నప్పటి నుంచి జొన్న చేన్లు పోయి అద్దాల మేడలు వచ్చాయి. కొవాగ్జిన్ తయారైంది ఇక్కడే. 2020 నవంబరు 28న ప్రధానమంత్రి వచ్చిపోయింది ఈ తొవ్వనే. ఆ అమ్మాయికి ఇంటర్వ్యూ ఉంది. ఇంగ్లీషు మాటల పట్టిక ఒకటి పట్టుకుని వచ్చింది. పట్టికలో రెండే గుంపులు: అతిగా మాట్లాడేవాళ్లకు వాడే మాటలు ఒకటి, మనసును రేపడానికి వాడే మాటలు ఇంకొకటి.

"సార్, నా గురించి చెప్పుకునేటప్పుడు 'ఐ యామ్ వాల్యుబుల్' అంటే మంచిగుంటదా?"

"వాల్యుయబుల్ అంటే విలువైనది బిడ్డా. వాల్యుబుల్ అంటే నాలెక్క."

ఆ సాయంత్రం మొదలైన ముచ్చట నాలుగు రోజులు సాగింది. వస ప్రభావం.

వాల్యుబుల్ అన్న మాట లాటిన్‌లో దొర్లడం నుంచి వచ్చింది. రాయి వాలు మీద దొర్లినట్టు మాటలు దొర్లే మనిషి. మనమూ "నోట్లోంచి మాట దొర్లింది" అంటాం, కాకపోతే పొరపాటున జారిన ఒక్క మాటకే అంటాం. లొక్వేషస్ అంటే ఉత్త మాట్లాడే గుణం, అందులో తిట్టు తక్కువ. గ్యారలస్ మాత్రం పిట్టల మాట. లాటిన్‌లో కిచకిచలాడటం. యూరపులో ఒక జే పిట్టకు శాస్త్రీయనామమే గ్యారులస్. మైక్రోబయాలజీ పిల్ల కాబట్టి ఇది చెప్పగానే కళ్లు మెరిశాయి. మన చింతచెట్ల కింద ఏడెనిమిది గుంపుగా ఎగురుతూ రొద చేసే బూడిదరంగు పిట్టలను ఇంగ్లీషువాళ్లు బాబ్లర్లన్నారు, అంటే వాగుడుకాయలు. అవ్వ నన్ను వసపిట్ట అన్నదీ, రోమనులు గ్యారులస్ అన్నదీ ఒకే చెట్టు కింద నిలబడి విన్న సంగతే.

పిట్ట తర్వాత నీళ్లు. తెలుగులో ఏరు వాగు, నోరు జారినవాడి పని వాగుడు. చెవికి రెండూ ఒకటే. ఇంగ్లీషులోనూ సెలయేరు "బాబుల్" చేస్తుంది, పసిపిల్లా "బాబుల్" చేస్తుంది. ఇక మా ఊరికి ఇంకో ఊట కూడా ఉంది. మా దగ్గర తురకం అంటే ఉర్దూ. పేరులోనే తుర్క ఉన్న ఊళ్లో బాతాలు కొట్టుడు, గప్పాలు కొట్టుడు అనే మాటలు రాకుండా ఉంటాయా? బ్రౌన్ దొర ఇలాంటి వలస మాటల కోసమే 1854లో మిశ్రభాషా నిఘంటువు అని వేరే పుస్తకం వేశాడు. పండితులు ఈసడించిన మాటలను అచ్చులో పెట్టిన మనిషి. నాకు ఆయన పెద్ద నిఘంటువు కన్నా ఈ చిన్నదంటేనే ఇష్టం.

తెలుగువాళ్లు ఇంగ్లీషు వాగుడు మాటను ఏకంగా పత్రికా శీర్షిక చేసుకున్న సంగతి ఆ అమ్మాయికి తెలియదు. మా బడిలో తెలుగు చెప్పే సార్లకే చాలామందికి తెలియదు. 1709లో లండనులో రిచర్డ్ స్టీల్ వారానికి మూడుసార్లు ఒక పత్రిక వేశాడు. పేరు టాట్లర్. కాఫీ దుకాణాల్లో విన్న కబుర్లకు అచ్చు రూపం. ఆ పేరు ఆడవాళ్ల గౌరవార్థం పెట్టానని మొదటి సంచికలోనే పరాచికమాడాడు. రెండేళ్లకు అడిసన్‌తో కలిసి స్పెక్టేటర్ మొదలుపెట్టాడు. రెండు వందల ఏళ్ల తర్వాత ఈ రెండు పత్రికలూ తెలుగులో మళ్లీ పుట్టాయి. పానుగంటి లక్ష్మీనరసింహారావు 1913లో సాక్షి వ్యాసాలు మొదలుపెట్టాడు, అది స్పెక్టేటర్ దారి. అందులో జంఘాలశాస్త్రి అనే పాత్ర లేచి నిలబడితే ఇంకెవరికీ వంతు రాదు. 1917 ప్రాంతంలో అనంతపురంలో పప్పూరు రామాచార్యులు, ఆయన మిత్రులు రాసిన వ్యాసాల పేరు "వదరుబోతు". అది టాట్లర్. కరువుసీమలో కూర్చుని, దేశమంతా స్వరాజ్యం మాట వినిపిస్తున్న రోజుల్లో, తమను తాము వదరుబోతులని పిలుచుకోవడానికి ధైర్యం కావాలి. కొంత తెలివీ కావాలి. వదరుబోతు మాటలను ఎవరు పట్టించుకుంటారు?

స్టీల్ పరాచికం దగ్గర నేను కొంచెం ఆగాను. గాసిప్ అన్న మాట మొదట్లో దేవుడి ఎదుట కట్టుకున్న చుట్టరికం పేరు. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు తల్లిదండ్రుల పక్కన నిలబడే ఆప్తులను అలా పిలిచేవాళ్లు. తర్వాత కాన్పు గదిలో తోడుండే ఆడవాళ్లకు ఆ పేరు వచ్చింది. ఆ తర్వాత ఆ గదిలో వాళ్లు మాట్లాడుకునే మాటలకు. చివరికి పనికిమాలిన మాటలన్నిటికీ. పురుడు పోసిన చేతులకు దక్కిన బిరుదు అది. మనమేం తక్కువ తినలేదు. అరుగు మీద మగవాళ్లు మాట్లాడితే చర్చ, బావికాడ ఆడవాళ్లు మాట్లాడితే "అమ్మలక్కల కబుర్లు". తెలంగాణలో ముచ్చట అన్న మాట ఉండబట్టి కొంత నయం. దానికి ఆడామగా తేడా లేదు.

మగవాళ్ల ఉపన్యాసం నుంచి పుట్టిన తిట్టు కూడా ఒకటి ఉంది, చెప్పకపోతే పాపం. 1820లో అమెరికా ప్రతినిధుల సభలో మిసోరీ రాష్ట్రం గురించి పెద్ద వాదం నడుస్తుండగా ఫీలిక్స్ వాకర్ అనే సభ్యుడు లేచి, విషయంతో సంబంధం లేకుండా సాగదీశాడట. చాలించమని తోటివాళ్లు మొత్తుకుంటే, నేను మాట్లాడేది మీ కోసం కాదు, బంకమ్ కోసం అన్నాడు. బంకమ్ ఉత్తర కరోలినాలో ఆయన జిల్లా. అప్పటి నుంచి ఊకదంపుడు మాటలకు బంకమ్ అనే పేరు. ఊరి పేరు తిట్టు కావడం కన్నా అన్యాయం ఏముంటుంది? మా తుర్కపల్లి పేరు టీకాతో పాటు నలుగురి నోళ్లలో పడింది, అదృష్టం.

ఇక రెండో గుంపు. ఇక్కడ పిట్టలు, నీళ్లు ఉండవు. ఇక్కడ పశువులు, నిప్పు.

స్టిములేట్ అంటే ఉత్తేజపరచడం అని పుస్తకాల్లో రాస్తారు. లాటిన్‌లో స్టిములస్ అంటే ముల్లుగర్ర, ఎద్దును పొడిచే కట్టె. ఇన్‌స్టిగేట్ అంటే కూడా పొడవడమే. ఎజిటేట్ అన్నది తోలడం, కదిలించడం. రౌజ్ మాట వేటగాళ్లది. డేగ రెక్కలు విదిల్చి నిక్కడం, ఆ తర్వాత పొదలో దాగిన జంతువును లేపడం. ప్రొవోక్ ఒక్కటి కొంచెం మర్యాదైనది, బయటికి పిలవడం. నేను ముల్లుగర్ర అనగానే ఆ అమ్మాయి అడిగింది, "గదేంది సార్?" జినోమ్ వ్యాలీలో పుట్టిన పిల్ల. కొసకు ఇనుపముల్లు దిగేసిన వెదురు కట్టె అని చేతులతో చూపించాల్సి వచ్చింది. మా నాయిన దాన్ని పొడవడానికి కాక చూపించడానికే వాడేవాడు. కట్టె నీడ పడితే చాలు, ఎద్దు కదిలేది.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చేది ఫోమెంట్. తిరుగుబాటును ఫోమెంట్ చేశారు, కల్లోలాన్ని ఫోమెంట్ చేశారు అని పేపర్లో చదువుతాం. ఆ మాటకు అసలు అర్థం వెచ్చటి నీళ్లతో కాపడం పెట్టడం. లాటిన్‌లో వెచ్చబెట్టడమనే క్రియ నుంచి వచ్చింది. మోకాళ్ల నొప్పికి నాకు డాక్టరమ్మ రాసిచ్చిన చీటీలో "హాట్ ఫోమెంటేషన్, రోజుకు రెండుసార్లు" అని ఉంది. అంటే వేడి గుడ్డతో నెమ్మదిగా, అదిమి అదిమి, లోపలి దాన్ని కదిలించడం. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు. అల్లర్లు రేపేవాళ్లను ఎవరైనా దగ్గర నుంచి చూసి ఉంటే ఈ మాట ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది.

మనకూ వేడే దిక్కు. రగిలించడం, చిచ్చు పెట్టడం, పుల్లలు పెట్టడం, ఉడికించడం. మరదలిని ఉడికించడానికీ, నలుగురిని ఉడికించి వీధిలోకి తేవడానికీ మనకు ఒకటే పొయ్యి. ఉర్దూ నుంచి తెచ్చుకున్న జోష్ కూడా పారసీలో మరగడమే. ఉసిగొల్పడం మాత్రం కుక్కను ఉస్కో అని తోలడం నుంచి వచ్చింది, పొదలో జంతువును లేపిన ఇంగ్లీషు మాటకు చుట్టం. పురెక్కించడం తాళ్లు పేనేవాళ్లది. ఉర్రూతలూగించడంలో ఊయల ఉంది. ఆందోళన అన్న మాటకు సంస్కృతంలో ఊగడమనే అర్థం. ధర్నాచౌక్‌లో ఎండకు కూర్చున్నవాళ్లకు ఈ సంగతి చెబితే నన్నే ఊపుతారు.

"మరి సార్, ఎక్కువ మాట్లాడుడుకూ రెచ్చగొట్టుడుకూ నడుమ గీత ఏడుంటది?" అంది మూడో రోజు.

దీనికి నిఘంటువు జవాబు చెప్పదు. మా పక్కనే శామీర్‌పేటలో నల్సార్ ఉంది, న్యాయశాస్త్రం చెప్పే చోటు, 1998లో వచ్చింది. వాళ్లను అడగాలి. నాకు తెలిసిన మేరకు, ఆ గీత గీసింది మాట్లాడినవాళ్లు కాదు, వినవలసిన అవసరం లేకుండానే విన్నవాళ్లు.

ఇంగ్లీషువాళ్లు 1870లో శిక్షాస్మృతిలో 124ఏ చేర్చారు. అందులో నేరం పేరు సర్కారు మీద "డిసఎఫెక్షన్" పుట్టించడం. ఎఫెక్షన్ అంటే ప్రేమ. 1897లో తిలక్ మీద బొంబాయిలో విచారణ జరిగినప్పుడు జడ్జి స్ట్రేచీ ఆ మాటకు అర్థం చెబుతూ, ప్రేమ లేకపోవడమే అన్నాడు. జ్యూరీలో ఆరుగురు యూరోపియన్లు నేరస్తుడన్నారు, ముగ్గురు భారతీయులు కాదన్నారు. పద్దెనిమిది నెలలు పడింది. ఒక ఇంగ్లీషు మాటకు ముందు తగిలించిన చిన్న అక్షరాల గుంపు ఒక మనిషిని జైల్లో వేయగలదని నేను వ్యాకరణం క్లాసులో చెప్పేవాణ్ని. పిల్లలకు ఉపసర్గలు బాగా గుర్తుండేవి.

తెలుగునాట ఆ మాట వేటు మొదట పడింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు మీద. దాని వెనక కథ రాజమండ్రిలో ఉంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్‌చంద్ర పాల్ అక్కడికి వచ్చి ఇంగ్లీషులో ఉపన్యాసాలిచ్చాడు. పక్కన నిలబడి తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. అనువాదం చేస్తూ చేస్తూ ఆశువుగా ఒక పద్యం చెప్పాడు: దేశం పాడియావు, మనం దూడలం, మూతులు బిగగట్టి దొరలు పాలు పితుక్కుంటున్నారని. పాల్ గంటలకొద్దీ చెప్పింది ఎంతమందికి గుర్తుందో గాని ఆ నాలుగు పాదాలు ఊరూరా తిరిగాయి. ఎవరిది వాగుడు, ఎవరిది రెచ్చగొట్టుడు? కాలేజీలో వందేమాతరం అన్న పిల్లలను తీసేశారు, వాళ్లలో గాడిచర్ల ఒకడు. మరుసటేడు బెజవాడ నుంచి స్వరాజ్య పత్రికలో పరాయి పాలనను క్రూరమైన పులి అన్నందుకు రాజద్రోహం కింద పట్టుకున్నారు. మూడేళ్ల జైలు. ఆవు అన్నాయన బయటే ఉన్నాడు, పులి అన్నాయన లోపలికి పోయాడు. జంతువును చూసుకుని పోల్చాలి కాబోలు.

మా వైపు నిజాం రాజ్యం. ఇక్కడ 124ఏ దాకా పోనవసరం లేదు, నోరు తెరిస్తేనే లొల్లి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కార సభ జరిగింది, అధ్యక్షుడు కార్వే పండితుడు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలోని వాళ్లు గేలి చేసి కూర్చోబెట్టారు. ఆయన ఎవరినీ రెచ్చగొట్టలేదు. ఏం చెప్పబోయాడో కూడా చెప్పనివ్వలేదు. ఆ అవమానం మీద ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. చెప్పనివ్వని మాట చెప్పిన మాట కన్నా ఎక్కువ పని చేసిన సందర్భం ఇది. తర్వాత గస్తీ నిషాన్ తిర్పన్ అనే ఫర్మానా ఉండేది. తిర్పన్ అంటే యాభైమూడు. సభ పెట్టాలంటే సర్కారు దగ్గర ముందే ఇజాజత్ తెచ్చుకోవాలి. ఆ ఫర్మానా నడిచిన కాలంలోనే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది.

సభకు ఇజాజత్ కావాలి గాని, కథకు? మల్లన్న కథకు ఎవడి ఇజాజత్ అక్కర్లేదు. మా ఊరి మీదుగా పోయే రాజీవ్ రహదారిలో ముందుకు పోతే కొమురవెల్లి కమాన్ వస్తుంది. ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. చిన్నప్పుడు ఒగ్గు పూజారులు మా వాడలో పట్నం వేసి కథ మొదలుపెడితే తెల్లారేది. చుక్క సత్తయ్య లాంటివాళ్లు ఆ కథను పెద్ద వేదికల మీదికి తర్వాత తీసుకుపోయారు. మా దగ్గర అది పశువుల కొట్టం ముందు జరిగేది. మొదటి జాములో అంతా వాగుడే, ఊరివాళ్ల మీద చెణుకులు, అత్తాకోడళ్ల ముచ్చట్లు. నడిరాత్రి డోలు మారేది. శివసత్తులు శివమెత్తి ఊగేవాళ్లు, బండారి చల్లుకునేవాళ్లు. మా అవ్వకు కూడా ఒకసారి పూనకం వచ్చింది. పొద్దున లేచి ఎప్పటిలాగే పేడకళ్లు ఎత్తింది. రాత్రంతా అంత వేడి పుట్టించిన కథకుణ్ని ఎవరూ పట్టుకుపోలేదు.

అలాంటి కథే భూమి సంగతి ఎత్తగానే సర్కారుకు వేరే మాట వినబడింది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేతిలోకి తీసుకుంది. ఆ కథ ఏర్పాటు చూస్తే నాకు ఈ పట్టికే గుర్తొస్తుంది. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. అంటే వాగుడుకు ఒక మనిషి, రేపడానికి ఇంకో మనిషి, ఇద్దరి కాళ్లకూ ఒకే తాళం. గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ ఆ కళలో శిఖరం, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు తెలంగాణ రైతుల మీద రాసిన "మా భూమి" నాటకాన్ని మాత్రం మద్రాసు సర్కారు నిషేధించింది. మా వైపు సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులను అదే పనికి వాడాడు. సుద్దులంటే మంచి మాటలు, బుద్ధులు. ఆ పేరు మీద ఎవరు కేసు పెడతారు?

మాకు వాయవ్యాన తూప్రాన్ ఉంది. అక్కడి బిడ్డ గుమ్మడి విఠల్ 1913 నాటి గదర్ పార్టీ పేరును తన పేరు చేసుకున్నాడు. గదర్ అంటే తిరుగుబాటు. రెండో గుంపు మాటను పేరుగా పెట్టుకుని భుజాన గొంగడి వేసుకున్నవాణ్ని నాకు తెలిసి ఇంకొకణ్ని చూడలేదు. నేను ఆయన పాట మొదటిసారి విన్నప్పుడు బడి పంతులును, సర్కారు ఉద్యోగిని. వెనక వరుసలో నిలబడ్డాను. పాటకూ పాటకూ నడుమ ఆయన మాట్లాడే మాటలు అచ్చం అవ్వ ముచ్చట్లలా ఉండేవి, దారీతెన్నూ లేకుండా. ఆ తర్వాత గజ్జె కదిలేది. కాపడం ఎప్పుడు పెట్టాడో తెలిసేది కాదు. 2023 ఆగస్టులో ఆయన పోతే సర్కారు లాంఛనాలతో సాగనంపారు. అంతకు ముందేడు మేలో సుప్రీంకోర్టు 124ఏని పక్కన పెట్టించింది, 2024 జులైలో శిక్షాస్మృతే మారిపోయి ఆ అంకె పోయింది. కొత్త చట్టంలో 152 అని ఇంకో అంకె వచ్చింది. డిసఎఫెక్షన్ అన్న మాట అందులో లేదు, "ఎక్సైట్" ఉంది. ఎక్సైట్ అంటే కూడా కదిలించడమే కదా అని నేను మళ్లీ మొదలుపెట్టబోతే అమ్మాయి గడియారం చూసుకుంది.

ఇంటర్వ్యూ అయిపోయింది. పట్టికలోని ఒక్క మాటా అడగలేదట. టీకాలను ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచాలని అడిగారట. రెండు నుంచి ఎనిమిది అంది. కమ్యూనికేషన్ స్కిల్స్ బాగున్నాయన్నారట.

నోట్‌బుక్ నా దగ్గరే మరిచిపోయింది. తిరగేశాను. మాట పక్కన అర్థం, అర్థం పక్కన ఉదాహరణ, గుండ్రటి అక్షరాలు. ఫోమెంట్ పక్కన "కాపడం, సార్ మోకాలు" అని ఉంది. స్టిములేట్ పక్కన ఒక కట్టె బొమ్మ, కొసకు ముల్లు. గ్యారలస్ పక్కన అర్థం గడి ఖాళీగా వదిలేసి, ఉదాహరణ గడిలో మాత్రం రాసింది: "మా సార్."